ఇల్లంతా బస్సు చేసేశారు, ఇందులో పిల్లలు నేర్చుకునేది ఏమైనా ఉందా?

హంద్రీగట్టు
మాది కర్నూలు. అద్దె ఇల్లు, పై అంతస్తు. పాపకు ఆరేళ్లు, బాబుకు నాలుగు. ఈ ఎండలకు పొద్దున పది దాటితే బయట కాలు పెట్టేటట్టు లేదు, సాయంత్రం ఐదున్నర దాకా ఇంట్లోనే. మూడు వారాలుగా ఒకటే ఆట. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు పీటలు వరసగా వేస్తారు. అది కర్నూలు–నంద్యాల బస్సు. బాబు డ్రైవరు, స్టీలు పళ్లెం స్టీరింగు. పాప కండక్టరు, నా పాత హ్యాండ్‌బ్యాగు మెడలో వేసుకుని కాగితాలు చింపి టికెట్లు ఇస్తుంది. ఇంట్లో దిండ్లన్నీ మూటలు. వాటిని మంచం మీదికి ఎక్కించడం, మళ్లీ దించడం. ఓర్వకల్లు దగ్గర బస్సు ఆగిపోతుంది, ఇద్దరూ దిగి కుర్చీలు తోస్తారు. ఇక పరుగులు, కేకలు చెప్పక్కర్లేదు.

మా ఆడపడుచు కూతురిది కూడా ఇదే వయసు. ఆ అమ్మాయిని అబాకస్ లెక్కల క్లాసులో వేశారు. మొన్న ఆడపడుచు ఫోన్‌లో "మీ పిల్లలది ఇంకా కుర్చీలాటేనా" అంది. మా ఆయన సమ్మర్ కోచింగ్‌కు పంపుదాం అంటున్నారు. కింద ఓనరు అవ్వ రెండుసార్లు పైకి వచ్చి అరిచింది. నాకు ఆట మాన్పించాలని లేదు. కానీ "దీనివల్ల ఏం నేర్చుకుంటున్నారు" అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. "చిన్నపిల్లలు, ఆడుకోనీ" అని మాత్రం అనొద్దు, ఆ మాట నేనూ అంటున్నా, ఎవరూ వినట్లేదు.

కారందోశ_కడప
ముందు ఒకటి చెప్పక్కా, బస్సు ప్రతిసారీ ఓర్వకల్లులోనే ఎందుకు ఆగుతుంది?

హంద్రీగట్టు
పోయిన సంక్రాంతికి నంద్యాల పోతుంటే నిజంగానే అక్కడ ఆగిపోయింది. గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆ రోజు వాడు భయపడి నా కొంగు వదల్లేదు. ఇప్పుడేమో ఆటలో వాడికి అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

లెక్కల_మాష్టారు
ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిగా ఉన్నమాట చెప్తానమ్మా. ఆటకు నేను వ్యతిరేకం కాను. కానీ పాప జూన్‌లో రెండో తరగతికి పోతుంది. రోజుకు గంటసేపు రాత, ఎక్కాలు లేకపోతే బడి తెరిచాక ఏడుపు మొదలవుతుంది. ఆడేది బయట మైదానంలో ఆడాలి, చల్లబడ్డాక. ఇంట్లో కుర్చీలు ఈడ్చడం వల్ల అలసట తప్ప చదువు రాదు.

అంగన్‌వాడీ_అక్క
సార్, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోవడం లేదు. హంద్రీగట్టు చెప్పిన ఓర్వకల్లు మాట మళ్లీ చదవండి. భయపడిన చోటికి వాడు రోజూ తిరిగి పోతున్నాడు, ఈసారి బస్సును తానే తోసి కదిలిస్తున్నాడు. ఈ పని ఏ రైమూ చేయించలేదు.

మాది ఆదోని దగ్గర పల్లె. పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నా. ఒక ఏడాది మా కేంద్రానికి నాలుగేళ్ల పిల్లోడు వచ్చాడు. అమ్మానాన్న కూలి పనుల కోసం సుగ్గికి గుంటూరు వైపు పోయారు, వీడిని అవ్వ దగ్గర వదిలారు. రెండు నెలలు నోరు విప్పలేదు. పేరు పిలిస్తే చూసేవాడు, అంతే. పాటలు పాడించాను, బొమ్మల పుస్తకాలు చూపించాను, ఊహూఁ. మిగతా పిల్లలు సంత ఆట ఆడేవాళ్లు. ఉల్లిగడ్డలకు గులకరాళ్లు, తక్కెడకు రెండు కొబ్బరి చిప్పలు. వీడు గోడకు ఆనుకుని చూసేవాడు. ఒకరోజు లేచి పోయి, చాపలు, సంచులు, పలకలు అన్నీ తెచ్చి మూలన ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పైకెక్కి కూర్చుని "గుంటూర్ గుంటూర్ గుంటూర్" అని అరిచాడు. మా కేంద్రంలో వాడు మాట్లాడిన మొదటి మాట అది. ఆ తర్వాత నెలరోజులు అదే ఆట. రోజూ లారీ గుంటూరు పోయేది, రోజూ తిరిగి వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు లారీలో అమ్మ ఉండేది. ఒక పిల్ల అమ్మ వేషం వేయాలి, లేకపోతే వాడు బండి తీయడు. ఆ పిల్లను బతిమాలాలి, "నువ్వు దిగాక నీకు డ్రైవింగ్ ఇస్తా" అని బేరం పెట్టాలి. రెండు నెలలు మూసిన నోటితో ఆ బేరాలన్నీ ఆడాడు.

ఇక ఏం నేర్చుకుంటారు అంటావా, మాట, బేరం, ఎదుటివాడి మనసు. నేను చూసినవి ఇవి.

హంద్రీగట్టు
చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయక్కా. ఇప్పుడు ఆ పిల్లోడు?

అంగన్‌వాడీ_అక్క
ఏడో తరగతి. బాగా మాట్లాడతాడు. ఆ ఏడాది వాళ్లమ్మ ఉగాదికి ముందే వచ్చేసింది.

మూడో_అంతస్తు
నేను కింద ఇంటి అవ్వ తరఫున మాట్లాడతా. మా పైవాళ్లకూ ఇద్దరు పిల్లలు. మధ్యాహ్నం కుర్చీ ఈడ్చిన ప్రతిసారీ మా పైకప్పు కరకరమంటుంది. నాకు రాత్రి పని, పగలే నిద్ర. ఆట మంచిదే, ఒప్పుకుంటా. అది కింద ఉన్నవాళ్ల తల మీద ఎందుకు? కుర్చీ కాళ్లకు పాత సాక్సులు తొడగండి, నేల మీద బొంతలు పరవండి. రెండు నుంచి నాలుగు దాకా బస్సు డిపోలో ఉంటుందని చెప్పండి. మేం మా పైవాళ్లతో మాట్లాడుకుని ఇట్లాగే కుదుర్చుకున్నాం.

హంద్రీగట్టు
డిపో మాట బాగుంది. రేపటి నుంచే మొదలుపెడతా. సాక్సులు కూడా.

ఓటీ_అనంత
అనంతపురంలో పిల్లల థెరపీ చేస్తాను, ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని. శరీరం సంగతి నేను చెప్తా.

మాష్టారు గారు "అలసట తప్ప చదువు రాదు" అన్నారు. ఆ అలసటను చిన్నచూపు చూడొద్దు సార్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత గట్టి కదలిక ఉండాలి. స్క్రీన్ ముందు కూర్చోవడం గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. మన ఊళ్లల్లో ఏప్రిల్, మే నెలల్లో ఆ 180 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లోనే దొరకాలి.

పైగా ఆ కదలిక ఎలాంటిదో చూడండి. దిండు మోసేటప్పుడు ఎంత బలం పెట్టాలి, కుర్చీ తోసేటప్పుడు ఎంత పెట్టాలి అని కండరాలు, కీళ్లు లెక్క వేసుకుంటాయి. రెండు కుర్చీల సందులో దూరేటప్పుడు తన ఒళ్లు ఎంత వెడల్పో పిల్లకు తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి పెన్సిల్ పట్టు కుదరదు, పలక మీద గట్టిగా నొక్కి బలపం విరగ్గొడతారు. వాళ్లకు ముందు రాత నేర్పను. బరువులు మోయిస్తాను, తోయిస్తాను, పాకిస్తాను. భుజం నిలబడితే చెయ్యి నిలబడుతుంది. మీ పిల్లలు మా గదిలో చేయించే పనులే మీ హాల్లో చేసుకుంటున్నారు.

"రైట్ రైట్" అంటే కదలడం, "హోల్డాన్" అంటే టక్కున ఆగడం ఉంది చూశారా, అది చాలా పెద్ద సంగతి. కదిలే ఒంటిని మాట విని ఆపగలగడం నాలుగేళ్లవాడికి కష్టమైన పని.

జాగ్రత్తలు రెండే చెప్తా. బాల్కనీ తలుపు గడియ వేయండి. కుర్చీ మీద కుర్చీ ఎక్కించనివ్వొద్దు.

లెక్కల_మాష్టారు
ఒంటి సంగతి ఒప్పుకుంటున్నా. పెన్సిల్ పట్టు గురించి నాకు తెలియనిది చెప్పారు, సంతోషం. కానీ ఒంటికి పని కావాలంటే గుంజీలు తీయించొచ్చు, తాడాట ఆడించొచ్చు. బస్సు అనీ, డ్రైవర్ అనీ వేషం ఎందుకు? ఆ వేషం వల్ల అదనంగా ఏం వస్తుంది? దానికి ఎవరైనా రుజువు చూపించండి.

సైకాలజీ_చిన్ని
మంచి ప్రశ్న సార్. నేను సైకాలజీలో ఎమ్మెస్సీ చదివాను, ఇప్పుడు బడిలో పని చేస్తున్నా. నాకు తెలిసింది రాస్తా, కొంచెం పొడుగవుతుంది.

వైగోట్‌స్కీ అని రష్యాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 37 ఏళ్లకే చనిపోయాడు. 1933లో ఆట మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లవాడు కర్రను గుర్రం అనుకుని ఎక్కినప్పుడు ఏం జరుగుతోంది? కంటికి కనిపించేది కర్ర, మనసులో నడిచేది గుర్రం. వస్తువును, దాని అర్థాన్ని వాడు మొదటిసారి విడదీస్తున్నాడు. రేపు "అ" అనే గీతను చూసి దాన్ని శబ్దంగా చదవాలన్నా, 5 అనే గుర్తును చూసి ఐదు పండ్లను తలుచుకోవాలన్నా కావలసింది ఈ శక్తే. అక్కా, మీవాడి చేతిలో స్టీలు పళ్లెం స్టీరింగ్ అయింది చూడండి, అదీ ఇదే.

రెండోది, ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది. ఇలాంటి ఆటలో పిల్లలు ఇష్టం వచ్చినట్టు ఉంటారని మనం అనుకుంటాం. నిజానికి అక్కడ నియమం గట్టిగా ఉంటుంది. కండక్టర్ అయినవాడు కండక్టర్ చేసేదే చేయాలి. మామూలప్పుడు తన మాట తాను వినని పిల్ల, వేషంలో ఉన్నప్పుడు వింటుంది.

దీన్ని పరీక్షించి చూశారు కూడా. మాన్యుయిలెంకో అనే ఆమె ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్ని కదలకుండా నిలబడమన్నారు. ఊరికే నిలబడమన్నప్పటి కంటే, "నువ్వు కాపలా సిపాయివి" అన్నప్పుడు ఎక్కువసేపు నిలబడ్డారు. ఇంకోటి ఈమధ్యది. 2017లో అమెరికాలో నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలకు విసుగు పుట్టించే పని ఇచ్చి, పక్కనే టాబ్లెట్‌లో ఆట పెట్టారు. బ్యాట్‌మన్ లాంటి వేషం వేసుకుని "నేను ఫలానా" అనుకున్న పిల్లలు అందరికంటే ఎక్కువసేపు పనిలో నిలబడ్డారు.

మాష్టారు అడిగిన "అదనం" ఇదే అని నా నమ్మకం. గుంజీలు మనం తీయిస్తే తీస్తారు. వేషంలో ఉన్నప్పుడు తమను తామే ఆపుకుంటారు, తామే నడుపుకుంటారు.

కానీ ఒక మాట దాచకూడదు. 2013లో లిల్లార్డ్ అనే ఆమె, ఆమెతో పని చేసినవాళ్లు ఈ ఆటల మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టారు. ఊహల ఆట ఒక్కదాని వల్లే తెలివి, సృజన పెరుగుతాయి అనడానికి గట్టి రుజువు లేదని తేల్చారు. మాట నేర్వడం, కథ చెప్పడం వంటి వాటికి సాయం చేయొచ్చు, కానీ అదొక్కటే దారి అనలేం అన్నారు. కాబట్టి "ఈ ఆట ఆడితే ర్యాంకు వస్తుంది" అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు.

లెక్కల_మాష్టారు
రెండు వైపులా చెప్పారు, అది నాకు నచ్చింది. ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి కూడా ఉత్తుత్తి వంటలు వద్దు, పిల్లల చేత నిజం పనులే చేయించండి అనేది కదా?

సైకాలజీ_చిన్ని
అవును సార్. ఆమె ఊహల ఆటను పెద్దగా ప్రోత్సహించలేదు. ఉత్తుత్తి టీ పోసే బదులు నిజం నీళ్లు పోయనివ్వమనే దారి ఆమెది. నా మటుకు నాకు రెండూ కావాలి. నిజం చపాతీ వత్తిన పిల్లే ఉత్తుత్తి హోటల్ బాగా నడుపుతుంది.

హంద్రీగట్టు
చిన్ని రాసింది చదివాక నిన్న జరిగినది చెప్పాలనిపించింది. బాబు కుర్చీ మీంచి దిగుతూ మోకాలు కొట్టుకున్నాడు. కాస్త రక్తం వచ్చింది. మామూలుగా అయితే దోమ కుట్టినా అరగంట ఏడుస్తాడు. పెదవి వణికింది, ఏడుపు వచ్చేదే. పాప పరుగెత్తుకొచ్చి "డ్రైవరన్నా, ప్యాసింజర్లు ఉన్నారు" అంది. అంతే, వాడు మింగేసుకుని పళ్లెం పట్టుకున్నాడు. పాణ్యం వచ్చాక బస్సు ఆపి, దిగి, నా దగ్గరికి వచ్చి అప్పుడు ఏడ్చాడు.

రాత్రి_డ్యూటీ
పాణ్యం దాకా ఆపుకున్నాడా నా బంగారు తండ్రి!

కారందోశ_కడప
ఆ డ్రైవర్‌కు ఈ నెల జీతంతో పాటు రెండు ఓలిగలు పెట్టక్కా.

జేజి_మాట
మీరందరూ కొత్తగా కనిపెట్టినట్టు రాస్తున్నారు. నాకు డెబ్బై రెండేళ్లు, మనవరాలు టైపు చేసి పెడుతోంది. మా చిన్నప్పుడు గుజ్జనగూళ్లు అనేవాళ్లం. చిన్న చిన్న మట్టి పిడతల్లో బొరుగులు, బెల్లం, వేయించిన శెనక్కాయలు పెట్టుకుని వంట చేసేవాళ్లం, వడ్డించేవాళ్లం, విస్తళ్లు ఎత్తేవాళ్లం. జొన్న దంటు చీల్చి ఎద్దుల బండి చేసేవాళ్లం. బొమ్మల పెళ్లి చేస్తే మగపెళ్లివారు అలగాలి, ఆడపెళ్లివారు సముదాయించాలి. నేనెప్పుడూ మగపిల్లోడి తల్లినే. ఎట్లా అలగాలో మా పెద్దమ్మను చూసి నేర్చుకున్నా. తీరా నా పెళ్లిలో మా అత్త అలిగితే ఏం మాట్లాడాలో నాకు ముందే తెలుసు.

భాగవతంలో గోపాల బాలురు కూడా ఇదే కదా ఆడింది. కొందరు గొర్రెలు, కొందరు కాపరులు, కొందరు దొంగలు. ఆ ఆటలోకే వ్యోమాసురుడు గోపబాలుడిలా దూరి, దొంగగా ఆడాడు. మా నాయన ఈ కథ చెప్పి, "ఆటలోకి వచ్చిన పెద్దోళ్లను ఒక కంట కనిపెట్టాలి" అనేవాడు.

అంగన్‌వాడీ_అక్క
జేజీ, ఆ చివరి మాట రాసి గోడకు అంటించుకుంటా.

తాడిపత్రి_నాన్న
మీ అందరి పిల్లలూ బస్సులు, పెళ్లిళ్లు. మావాడికి ఐదేళ్లు, పొద్దున లేస్తే పోలీసు. లాఠీ అని పప్పు గుత్తి పట్టుకుని చెల్లెల్ని, పక్కింటి పిల్లల్ని కొట్టడమే. ఇది కూడా నేర్చుకోవడమేనా? మాన్పించాలా వద్దా? నాకు నిజంగా దిగులుగా ఉంది.

అంగన్‌వాడీ_అక్క
పోలీసును మాన్పించొద్దన్నా, పోలీసుకు వేరే పని ఇవ్వండి. మా దగ్గర కొట్టే పోలీసు ఒకడు ఉండేవాడు. "సార్, నా మేకపిల్ల తప్పిపోయింది, కనుక్కోండి" అని కంప్లెయింటు ఇచ్చాను. తెల్ల కాలు, నల్ల చెవి అని గుర్తులు చెప్పాను. కేంద్రమంతా వెతికాడు, బియ్యం డబ్బా వెనకాల కూడా. మేకపిల్ల అంటే ఒక గుడ్డ మూట. అది దొరికాక వారం రోజులు అందరూ వాడికి కంప్లెయింట్లు ఇచ్చారు, లాఠీ మూలన పడింది. ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టాను. ఒంటికి తగిలితే ఆట ఆగిపోతుంది. మాటతో అరిచినా పరవాలేదు, చెయ్యి తగలకూడదు.

ఓటీ_అనంత
ఇంకోటి, రోజుకోసారి వేషాలు మార్చండి. చెల్లెలు పోలీసు, వాడు దొంగ. దొరికిపోయినవాడికి ఎట్లా ఉంటుందో వాడికీ తెలియాలి.

తాడిపత్రి_నాన్న
ఈరోజే చూస్తా. ఇంకో సంగతి. వాడు కొన్నిసార్లు వంటాట కూడా ఆడతాడు, చీర కొంగు అని టవల్ వేసుకుని. మా అమ్మ "మగపిల్లోడికి ఇదేం ఆట" అంటోంది.

జేజి_మాట
అమ్మకు చెప్పు నాయనా, పెళ్లిళ్లలో వంటలు చేసే మాష్టర్లందరూ మగవాళ్లే అని. ఆడనీ.

రాత్రి_డ్యూటీ
నేను కడపలో నర్సును. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా.

మా పాపకు ఐదేళ్లు. పోయిన ఏడాది మా నాయనకు గుండె ఆపరేషన్ అయింది. పాపకు తాతంటే ప్రాణం. ఐసీయూలోకి పిల్లల్ని రానివ్వరు, తలుపు దగ్గరే ఆపేశారు. తాత ఇంటికి రాకముందు వారం రోజులు పాప ఒకటే ఆట ఆడింది. బొమ్మకు దుప్పటి కప్పి మంచం మీద పడుకోబెట్టేది. గదిలో లైటు ఆపేసేది. తలుపు మూసి బయట స్టూలు వేసుకుని కూర్చునేది. మేం లోపలికి పోబోతే "పిల్లలు రాకూడదు" అని అడ్డం నిలబడేది. అవి అక్కడి వాచ్‌మన్ అన్న మాటలు, అదే గొంతుతో. ఎందుకు ఇట్లా ఆడుతున్నావని అడిగితే జవాబు లేదు.

ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చకుండానే ఆ స్టూలు పక్కన కూర్చున్నా. "వాచ్‌మన్ గారూ, నేను నర్సును, లోపలికి పోవచ్చా" అన్నా. ఒప్పుకుంది. నేను పోయి వచ్చాక మెల్లగా అడిగింది, "లోపల తాతకు చీకటిగా ఉందా?" అని. అప్పుడు అర్థమైంది. తాత నిద్రపోతున్నాడు అని మాత్రమే మేం చెప్పాం. నిద్ర అంటే దానికి చీకటి. ఆ వారం రోజులూ తాత చీకట్లో ఒక్కడే ఉన్నాడని అది కుమిలిపోయింది. ఆ సాయంత్రమే నాయనను వార్డుకు మార్చారు, వీడియో కాల్‌లో చూపించాను, పెద్ద పెద్ద లైట్లు, పక్కన కిటికీ. మరుసటి రోజు కూడా ఆస్పత్రి ఆటే ఆడింది, కానీ లైటు వేసి, తలుపు తెరిచి.

పిల్లలు ఏం నేర్చుకుంటారో మీరందరూ చెప్పారు. పిల్లల గురించి నేను నేర్చుకున్నది ఆ ఆట వల్లే. ఆపేసి ఉంటే నాకు తెలిసేది కాదు.

హంద్రీగట్టు
అక్కా, ఏం రాయాలో తెలియడం లేదు. తాత బాగున్నారా?

రాత్రి_డ్యూటీ
బాగున్నారు. పొద్దున, సాయంత్రం నడుస్తారు. పాపే బీపీ చూస్తుంది, గాజుగుడ్డ చేతికి కట్టి.

మూడో_అంతస్తు
మా చుట్టాలు పాపకు కిచెన్ సెట్ కొనిచ్చారు, మూడు వేలట. రెండు రోజులు ఆడి వదిలేసింది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను మాత్రం నెలన్నర వదల్లేదు. ఎందుకంటారు?

సైకాలజీ_చిన్ని
కిచెన్ సెట్ ఎప్పుడూ కిచెనే. అట్టపెట్టె పొద్దున గుహ, మధ్యాహ్నం ఆటో, సాయంత్రం ఏటీఎం. మరీ చిన్నవాళ్లకు, రెండేళ్ల లోపు, అచ్చం నిజంలా ఉండే బొమ్మ సాయం చేస్తుంది. బొమ్మ ఫోన్ ఇస్తేనే ఫోన్ అనుకుంటారు. నాలుగేళ్లు వచ్చేసరికి అరటిపండైనా ఫోనే.

ధర్మవరం_మగ్గం
మా ఇంట్లో కరెంటు పోయిన రాత్రులు ఇంకో ఆట. మాకు దగ్గరలోనే నిమ్మలకుంట, తోలుబొమ్మలు చేసే ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకసారి పిల్లల్ని తీసుకుపోయి చూపించా. ఇంటికొచ్చాక తెల్ల పంచె కట్టి, వెనక టార్చి పెట్టి, అట్టముక్కలు కత్తిరించి మొదలుపెట్టారు. రామాయణం నడవాల్సిన చోట, తోలుబొమ్మలాటలో నవ్వించే కేతిగాడు, బంగారక్కల తగాదానే గంటసేపు నడిచింది. మా చిన్నోడు లైటు దగ్గరికి బొమ్మ తెస్తే నీడ పెద్దదవుతుందని తానే కనిపెట్టాడు. హనుమంతుడు పెరగాల్సి వచ్చిన ప్రతిసారీ బొమ్మను వెనక్కి, టార్చి వైపు లాగుతాడు. నేను చెప్పలేదు. లెక్కల మాష్టారు గారూ, ఇది మీ ఖాతాలో వేసుకోవచ్చు.

లెక్కల_మాష్టారు
వేసుకుంటా, సంతోషంగా. హంద్రీగట్టు అమ్మా, నాకో ఆలోచన. టికెట్ల మీద రేట్లు రాయించు. నన్నూరు 10, ఓర్వకల్లు 20, పాణ్యం 50, ఇట్లా తేలిక అంకెలు. ఇద్దరు దిగితే ఎంత, వంద ఇస్తే చిల్లర ఎంత. ఆటా ఉంటుంది, కూడికలూ వస్తాయి.

అంగన్‌వాడీ_అక్క
ఆలోచన మంచిదే సార్, కానీ మెల్లగా. మనం పాఠం పెట్టామని పిల్లలకు తెలిసిందంటే ఆట చచ్చిపోతుంది.

హంద్రీగట్టు
మూడు రోజుల తర్వాత రాస్తున్నా. మాష్టారు చెప్పినట్టే అట్ట మీద రేట్లు రాసి నేనే గోడకు అంటించా. చిల్లర ఎంత, ఇంకోసారి చెప్పు అని అడగడం మొదలుపెట్టా. పాప రెండుసార్లు చెప్పింది. బాబు పళ్లెం పక్కన పెట్టి "అమ్మ వస్తే బస్సు బాగలేదు" అని లేచిపోయాడు. అక్క చెప్పిందే జరిగింది. అట్ట తీసేశా. నిన్న పాప తానే పెన్సిల్ తెచ్చుకుని టికెట్ల మీద రాసుకుంది. "ఓరవకలు" అని రాసింది, పక్కన 20. వత్తు లేదు. నేను దిద్దలేదు. ఊరికే ప్యాసింజరుగా ఎక్కి, వంద కాగితం ఇచ్చి కూర్చున్నా. వేళ్లు మడిచి మడిచి ఎనభై తిరిగి ఇచ్చింది.

లెక్కల_మాష్టారు
తప్పు నాదే అమ్మా, నేను టీచరు బుద్ధితో చెప్పా. అడగకుండా ఎక్కి కూర్చోవడం నువ్వు నాకు నేర్పావు. రాత విషయంలో మాత్రం నా మాట వెనక్కి తీసుకోను, జూన్ లోపు ఆ వత్తు రావాలి.

సైకాలజీ_చిన్ని
వస్తుంది సార్. 2020 జాతీయ విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకటే పునాది దశ, రెండో తరగతి కూడా అందులోదే. ఆ దశలో ఆటే ప్రధానం అని రాసి ఉంది. ఆడపడుచుకు కావాలంటే ఇది చెప్పక్కా.

ఓటీ_అనంత
ఒక మాట చెప్పకుండా పోతే నా మనసు ఒప్పుకోదు. ఇది చదివే తల్లిదండ్రుల్లో చిన్న పిల్లలున్నవాళ్లు గమనించండి. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య పిల్లలు ఖాళీ గ్లాసుతో నీళ్లు తాగినట్టు, బొమ్మకు అన్నం పెట్టినట్టు చేయడం మొదలుపెడతారు. రెండు దాటి మూడు వస్తున్నా అలాంటిదేమీ లేకుండా, పిలిస్తే తిరగకుండా, వేలు పెట్టి చూపించకుండా, ఒకే వస్తువును ఒకే తీరుగా తిప్పుతూ ఉంటే "మగపిల్లలకు ఆలస్యం" అని వదిలేయొద్దు. పిల్లల డాక్టర్‌కు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఉండే డైక్ (DEIC) కేంద్రాల్లో, అంటే పిల్లల ఎదుగుదల ఇబ్బందుల్ని ముందే గుర్తించి సాయం చేసే చోట, ఉచితంగా చూస్తారు. అది జబ్బు అని ముందే భయపడొద్దు. ముందుగా చూపిస్తే సాయం ముందుగా మొదలవుతుంది, అంతే.

తాడిపత్రి_నాన్న
అంగన్‌వాడీ అక్కా, మేకపిల్ల పనిచేసింది. మా అమ్మే కంప్లెయింటు ఇచ్చింది, కళ్లజోడు పోయిందని. వాడు ఇల్లంతా వెతికాడు, చెల్లెలు ఎస్ఐ. కళ్లజోడు అమ్మ తల మీదే ఉంది. దొరికినందుకు వాడికంటే మా అమ్మే ఎక్కువ నవ్వింది.

హంద్రీగట్టు
మా ఆయనకు ఈ చర్చంతా చదివి వినిపించా. కోచింగ్ మాట ఆగింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి నంద్యాల టికెట్ తీసుకున్నారు, మధ్యలో నిద్రపోయారు, పాప లేపి దించేసింది. కింద అవ్వకు సాక్సుల సంగతి చెప్పా, రెండు నుంచి నాలుగు డిపో అని కూడా. ఇంకా అరవలేదు.

ఇప్పుడు కొత్త తగాదా వచ్చింది. పాప కూడా డ్రైవర్ అవుతానంటోంది, వాడు సీటు దిగడు. పొద్దుట్నుంచి ఇద్దరూ మొహాలు చూసుకోవడం లేదు. నేను కల్పించుకోవాలా?

అంగన్‌వాడీ_అక్క
ఇప్పుడే వద్దు. ఇంకో గంట చూడు.

కారందోశ_కడప
రెండో బస్సు వేయండి అక్కా, కడపకు.

హంద్రీగట్టు
కుర్చీలు నాలుగే ఉన్నాయి.

హంద్రీగట్టు
గంట కాలేదు, వాళ్లే తేల్చుకున్నారు. పోయేటప్పుడు వాడు డ్రైవరు, వచ్చేటప్పుడు పాప. మార్చుకునేది ఓర్వకల్లులోనే, ఎట్లాగూ అక్కడ బస్సు ఆగుతుంది కాబట్టి.